గుడ్డు మీద వ్రాతపని

ఎడ్మంటన్‌లో ఏప్రిల్ వచ్చినా వీధి పక్కన మంచు కుప్పలు పూర్తిగా కరగవు. నిరుడు ఈస్టర్‌కు ముందు వారమంతా అక్కడ మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒకరోజు సాయంత్రం మా మనవరాలు పక్కింటి నుంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, రేపు బాబా నాతో గుడ్డు రాయిస్తుందట" అంది.

"రంగు వేయిస్తుందా?"

"కాదు, రాయిస్తుందట. వేయడం అంటే బాబా ఊరుకోదు."

ఉక్రెయిన్ మూలాలున్న కెనడా ఇళ్లలో బాబా అంటే నానమ్మ, అమ్మమ్మ. పక్కింటి పెద్దావిడను వీధిలో పిల్లలందరూ అలాగే పిలుస్తారు. ఆవిడ ముందు తరాల వాళ్లు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఆల్బర్టాలో గోధుమ పండించారు. 1890ల నుంచి అలా వచ్చిన కుటుంబాలు ఆ రాష్ట్రమంతా ఉన్నాయి. ఉక్రెయిన్ అనగానే మనకు అక్కడ డాక్టరు చదువులకు వెళ్లిన మన పిల్లలు గుర్తొస్తారు. 2022లో యుద్ధం మొదలైనప్పుడు సామాన్లు మోసుకుంటూ సరిహద్దుల దాకా వచ్చిన వాళ్ల అవస్థ గుర్తొస్తుంది. ఆ దేశపు చేతిపని ఒకటి నా కళ్లకు ఇంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు.

ఆవిడ రాయించే గుడ్డు పేరు పిసంక. ఉక్రెయిన్ భాషలో 'పిసాతి' అంటే రాయడం. రాసిన గుడ్డు పిసంక. మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. కలంకారీ అనే పేరు షాపుల్లోకి రాకముందు ఆ పనిని వ్రాతపని అనేవాళ్లు. గుడ్డ మీద బొమ్మ వేస్తున్నాడని అనరు, రాస్తున్నాడని అంటారు. మన వాళ్లు గుడ్డ మీద రాస్తే వాళ్లు గుడ్డు మీద రాస్తున్నారు. ఒకరికొకరు ఎన్నడూ ఎదురుపడని రెండు ఊళ్ల వాళ్లు తమ పనికి ఒకే మాట ఎంచుకున్నారంటే పనిలోనే ఏదో పోలిక ఉండాలి. అది చూడాలనే మనవరాలి వెంట నేనూ వెళ్లాను.

పొద్దున మేం వెళ్లేసరికి వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. గాజు సీసాల్లో రంగునీళ్లు వరుసగా ఉన్నాయి: పసుపు, నారింజ, ఎరుపు, నలుపు. చిన్న గిన్నెలో ఆకుపచ్చ విడిగా ఉంది. సీసాకో చెంచా. మధ్యలో పొట్టి కొవ్వొత్తి, దాని పక్కన తేనెమైనం ముద్ద. గుడ్లను ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టిందట. చల్లటి గుడ్డుకు చెమ్మ పడుతుంది, చెమ్మ ఉన్నచోట మైనం పట్టదు. మా ఇద్దరినీ సబ్బుతో చేతులు కడుక్కోమంది. వేళ్ల జిడ్డు పెంకుకు అంటితే అక్కడ రంగు పట్టదు, వేలిముద్ర మచ్చగా మిగిలిపోతుంది.

తర్వాత గుడ్లను ఒక్కొక్కటే దీపం ముందు తిప్పి చూసింది. వెంట్రుకంత బీట ఉన్నదాన్ని పక్కన పెట్టింది. గరుకుగా పొక్కులున్నదాన్నీ పక్కన పెట్టింది. "ఇవి రేపు ఆమ్లెట్‌కి" అంది. డజనులో నాలుగే మిగిలాయి. నాలుగూ పచ్చివి. ఉడకబెట్టి ఒకే రంగులో ముంచి, పండుగ రోజు ఒలుచుకుని తినే గుడ్డు వేరే ఉంది, దాన్ని క్రాషంక అంటారు. పిసంక తినడానికి కాదు. చర్చిలో దీవెన పొందే బుట్టలో పెడతారు, అయినవాళ్లకు ఇస్తారు, ఏళ్ల తరబడి దాచుకుంటారు. ఈ రోజుల్లో సొన ముందే ఊది తీసేసి రాసేవాళ్లూ ఉన్నారు గానీ, ఖాళీ గుడ్డు రంగునీళ్లలో తేలిపోతుంది, అదిమి పట్టుకోవాలి. పచ్చిగుడ్డు తనంతట తానే మునుగుతుంది.

పనిముట్టు పేరు కిస్త్క. చూడడానికి ఎంతో సాదాగా ఉంటుంది. పెన్సిలంత పుల్ల, దాని చివర సన్న తీగతో చుట్టి కట్టిన బుల్లి గరాటు. గరాటును పలచటి ఇత్తడి రేకుతో చేస్తారు. కింది మూతి సూదిమొన అంత ఉంటుంది. సన్న గీతకు ఒకటి, ఓ మాదిరి గీతకు ఒకటి, లోపల నింపడానికి లావుది ఒకటి, మూడు కిస్త్కలు బల్ల మీద ఉన్నాయి. గరాటును మంటలో వేడి చేస్తారు. మైనం ముద్దలో గుచ్చి కాస్తంత మైనం ఎత్తుకుని, మళ్లీ ఒకసారి మంటకు చూపించి రాయడం మొదలుపెడతారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెంకు తగలగానే గడ్డకడుతుంది. రెండు మూడు అంగుళాల గీత నడిచేసరికి గరాటు చల్లారి మొరాయిస్తుంది, మళ్లీ మంట దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక్కడ నాకు ముచ్చటేసిన సంగతి ఒకటి ఉంది. మంటలో పెట్టిన ప్రతిసారీ గరాటుకు మసి పడుతుంది. ఆ మసి కలిసి మైనం నల్లబడుతుంది. మసి పడకుండా చేసుకోవచ్చు కదా అనుకున్నాను. నల్లబడకపోతే తెల్ల పెంకు మీద లేతరంగు మైనం, రాసే మనిషికే కనిపించదు. ఆ మసి ఉండబట్టే గీత కనిపిస్తోంది. ఎవరో ఒకరు ఎన్నడో దాన్ని తుడవకుండా వదిలేసి ఉంటారు.

ఇక గీత గురించి చెప్పాలి. నేను ఆ రోజు ఎక్కువసేపు చూసింది అదే.

బాబా రెండు మోచేతులూ బల్లకు ఆనించింది. ఎడమచేతి వేళ్ల మధ్య గుడ్డు, కుడిచేతిలో కిస్త్క. కుడి చిటికెనవేలు గుడ్డు మీదే ఆనింది. కిస్త్కను నిటారుగా పెట్టి, మొనను పెంకుకు తాకించింది. తర్వాత కుడిచేయి ఇక కదలలేదు. ఎడమచేతి బొటనవేలు గుడ్డును తన వైపుకు మెల్లగా తిప్పుతోంది, మొన కింద గీత పుడుతోంది. కుమ్మరి సారె దగ్గర చూస్తాం, చేయి నిలుస్తుంది, మట్టి తిరుగుతుంది. అచ్చం అదే. సన్నగా గీరుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. గీత గుడ్డు నడుం చుట్టూ తిరిగి, మధ్యలో మూడుసార్లు మంట దగ్గరికి వెళ్లి వచ్చి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. నేను కళ్లద్దాలు సర్దుకుని అతుకు కోసం వెతికాను. ఆగిన మూడు చోట్లా, కలిసిన చోటా, ఎక్కడా నాకు అతుకు దొరకలేదు.

చేయి ఎందుకు కదలకూడదో ఆలోచించి చూస్తే అర్థమైంది. గుడ్డుకు ఎక్కడా చదును లేదు. చేతిని కదిలిస్తే గీత ఎక్కుతూ దిగుతూ పోవాలి, మొన వాలు మారుతుంది, వాలు మారితే మైనం ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా దిగుతుంది. గుడ్డునే తిప్పితే మొన ముందుకు ఎప్పుడూ ఒకేలాంటి పెంకు ముక్క వస్తుంది, మైనం సమంగా దిగుతుంది. ఈ ఒక్క కిటుకు పట్టుబడడానికే చాలామందికి కొన్ని డజన్ల గుడ్లు పడతాయని బాబా చెప్పింది.

నడుం గీత తర్వాత నిలువుగా ఒకటి, దానికి అడ్డంగా ఇంకొకటి. గుడ్డు ఎనిమిది భాగాలైంది. కొలబద్ద లేదు, కంపాస్ లేదు. పెన్సిల్‌తో సన్నగా గుర్తులు పెట్టుకోవచ్చు గానీ రబ్బరు మాత్రం వాడనివ్వదు. రబ్బరు రుద్దిన చోట మరక పడి రంగు సరిగా పట్టదు. ఈ భాగాల మీదే నమూనా అంతా నిలబడుతుంది. సొరొకొక్లిన్ అని ఒకటుంది, నలభై ముక్కోణాలు అని అర్థం. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలానికి గుర్తు అంటారు. మామూలుగా వేసే పద్ధతిలో లెక్కపెడితే 48 వస్తాయి, పేరు మాత్రం నలభైయే. ఇంకొకటి బెజ్‌కొనెచ్నిక్. గుడ్డు చుట్టూ మెలికలు తిరుగుతూ మొదలూ చివరా లేకుండా పోయే గీత. పేరుకు కూడా అంతం లేనిదనే అర్థం. అది చూడగానే మా అమ్మ వాకిట్లో చుక్కల చుట్టూ ఎత్తకుండా తిప్పే మెలికల ముగ్గు కళ్ల ముందు మెదిలింది.

మనవరాలికి ఎనిమిదేళ్లు. తలజడ బిగించి కట్టి, మంట దగ్గర ఎలా ఉండాలో ముందు చెప్పాకే బాబా దాని చేతికి కిస్త్క ఇచ్చింది. పిల్ల మొదటి గీత వంకరపోయింది. బాబా చేయి పట్టుకుని దిద్దలేదు. రెండో గీత కూడా వంకరే. మూడోసారి పిల్ల తనంతట తానే కుడిచేతిని ఆపి గుడ్డును తిప్పింది. బాబా నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది.

కానీ పిల్లకు అసలు చిక్కు అప్పుడే వచ్చింది. నల్లటి మైనంతో రాస్తోంది కదా, గీతలు నల్లగానే వస్తాయని దాని లెక్క. "నాకు తెల్ల నక్షత్రం కావాలి, నల్లది వద్దు" అని మొహం ముడుచుకుంది. బాబా దానికి పాఠం చెప్పలేదు, ఒక ప్రశ్న అడిగింది: "ఇప్పుడు గుడ్డు ఏ రంగులో ఉంది?"

"తెలుపు."

"అయితే ఇప్పుడు నువ్వు రాసేది తెలుపే."

ఆ రోజంతా ప్రతి ముంపుకూ ముందు ఇదే ప్రశ్న. పిసంక విద్య అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. తెల్లగా మిగలాల్సిన చోట ముందు మైనం పెట్టాలి. తర్వాత గుడ్డును పసుపులో ముంచాలి. మైనం కింద తెలుపు భద్రంగా ఉంటుంది, మిగతాదంతా పసుపు అవుతుంది. ఇప్పుడు పసుపుగా ఉండాల్సిన చోట మైనం రాసి నారింజలో ముంచాలి. నారింజ కావాల్సిన చోట రాసి ఎరుపులో, ఎరుపు కావాల్సిన చోట రాసి చివరికి నలుపులో. కాగితం మీద బొమ్మ వేసేవాళ్లు రంగును చేరుస్తూ పోతారు. ఇక్కడ చేతిలో ఉన్న రంగును కాపాడుకుంటూ ముందుకు పోవాలి. దేన్ని ఉంచుకోవాలో ముందే తెలియాలి, ఒకసారి రంగు దాటిపోతే వెనక్కి రాదు.

ఇది మనకు కొత్త కాదు. కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి యూరప్ వెళ్లిన మన అద్దకపు బట్టల్లో నీలి వేయడానికి ఇదే ఉపాయం. నీలి తొట్టిలో గుడ్డను ముంచే ముందు, నీలం కాకూడని చోటల్లా కరిగిన మైనంతో కప్పేవాళ్లు. ఎర్ర పూరేకుల మధ్య కనిపించే సన్నటి తెల్ల గీతలు కూడా ముందుగా మైనంతో రాసి కాపాడినవే. మన వాళ్లు మైనాన్ని వేడినీళ్లతో వదిలిస్తే వీళ్లు కొవ్వొత్తితో వదిలిస్తారు. ఇద్దరూ రాత అనే మాటే వాడడంలో వింతేమీ లేదని అప్పుడు అనిపించింది. కుంచెతో చేసే పని కాదిది, కలంతో చేసేది. ప్రతి గీతా ఒక్కసారే పడుతుంది.

రంగునీళ్లలో వెనిగర్ ఎందుకో పిల్ల అడిగితే నాకు తెలిసినంత నేను చెప్పాను. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండేదే. దాని మీద మాంసకృత్తుల పొర ఒకటి ఉంటుంది. ఈ రంగులు పట్టుకునేది ఎక్కువగా ఆ పొరనే, అందుకు పులుపు కావాలి. పట్టుకు, ఉన్నికి రంగు వేసేవాళ్లు పులుపు కలిపేదీ ఇందుకే. అయితే గుడ్డును అందులో మరీ ఎక్కువసేపు వదిలేస్తే పెంకే బుడగలు కక్కుతూ అరిగిపోతుంది, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఒకప్పుడు ఉల్లిపొట్టు, చెట్ల బెరళ్లు, వాల్‌నట్ తొక్కలు మరిగించి రంగులు తీసేవాళ్లు. ఇప్పుడు పొట్లాల్లో పొడులు దొరుకుతున్నాయి. ఆ పొడులు తినే రంగులు కావు. వాటిలో ముంచిన గుడ్డును తినకూడదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

ఆకుపచ్చ గిన్నె విడిగా ఎందుకుందో మధ్యాహ్నానికి తెలిసింది. పసుపు నుంచి నారింజకు, ఎరుపుకు, నలుపుకు పోవడం మెట్లు దిగినట్టు ఉంటుంది. ప్రతి రంగూ ముందుదాన్ని మింగగలదు. ఆకుపచ్చ ఈ వరుసలో ఇమడదు. గుడ్డునంతా ఆకుపచ్చలో ముంచితే దానిమీద ఎరుపు బురదరంగులోకి తిరుగుతుంది. అందుకని పసుపు ముంపు అయ్యాక, ఆకులు ఎక్కడ కావాలో అక్కడ మాత్రమే సన్నటి కుంచెతో ఆకుపచ్చ అద్ది, ఆరగానే ఆ చుక్కల మీద మైనం కప్పుతారు. మైనం బయటికి పొర్లిన ఆకుపచ్చ సంగతేమిటి? దాన్ని తర్వాతి నారింజ ముంపు తినేస్తుంది. నారింజకు అక్కడ రెండు పనులు: తాను ఒక రంగు, పైగా ఎరుపుకు దారి శుభ్రం చేసేదీ అదే. ఏ బడిలోనూ చదవకుండా పల్లె ఆడవాళ్లు పట్టిన రంగుల లెక్క ఇది.

ఎరుపులోకి వెళ్లే ముందు మనవరాలి కిస్త్క లోంచి పెద్ద మైనపు చుక్క జారి పడింది, నక్షత్రానికి కాస్త పక్కన. పిల్ల కళ్లలో నీళ్లు. గోటితో గీకబోతే బాబా ఆపింది. మైనం గీకినా దాని జిడ్డు పెంకులో ఉండిపోతుంది, అక్కడ రంగు ఎలాగూ పట్టదు. "పడింది పడింది. అది ఏమిటో ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. పిల్ల కాసేపు చూసి, చుక్కకు రెండు చెవులు, ఒక తోక రాసింది. ఇంకో పక్క అలాంటిదే కావాలని రెండోది కూడా రాసింది. పిసంకల మీద జింకలు, చేపలు, గోధుమ కంకులు, సూర్యుడు ఉండడం ఆనవాయితీ. ఈ గుడ్డు మీద నక్షత్రానికి ఇటూ అటూ రెండు పిల్లులున్నాయి.

పని చేస్తూ బాబా ఒక కథ చెప్పింది. కార్పాతియన్ కొండల్లోని హుత్సుల్ జనం చెప్పుకునే కథ. ఒక కొండకు గొలుసులతో కట్టేసిన దుష్ట సర్పం ఉంది. ఏటా తన బంట్లను పంపి, ఆ సంవత్సరం ఎన్ని గుడ్లు రాశారో లెక్క తెప్పించుకుంటుంది. లెక్క తగ్గితే గొలుసులు వదులవుతాయి, పెరిగితే బిగుస్తాయి. పిల్ల వెంటనే, "అయితే నేను ఇంకొకటి కూడా రాస్తా" అంది.

నిజానికి పాతరోజుల్లో ఈ బల్ల దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. పిల్లలు నిద్రపోయాక, ఇంటి ఆడవాళ్లు మాత్రమే రాత్రిళ్లు కూర్చుని రాసేవాళ్లు. నమూనాలు తల్లి నుంచి కూతురికే అందేవి. సోవియట్ పాలనలో మతాచారమని దీన్ని అణగదొక్కారు. ఇళ్లలో గుట్టుగా కొంత, వలస వచ్చిన వాళ్ల దగ్గర కొంత మిగిలింది. ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్లకు పట్టపగలు కిస్త్క చేతికిస్తున్నారు. నా దృష్టిలో మంచి మార్పు. కొన్నేళ్లుగా ప్లాస్టిక్ తొడుగులు కూడా వచ్చాయి. అచ్చు పిసంక బొమ్మలే వాటి మీద ముద్రించి ఉంటాయి, గుడ్డుకు తొడిగి వేడినీళ్లలో ముంచితే అతుక్కుపోతాయి. నిమిషంలో పని అయిపోతుంది, కానీ ఆ నిమిషంలో పిల్ల చేతికి వచ్చిన విద్య ఏమీ ఉండదు.

నలుపు ముంపు చివరిది. ఎక్కువసేపు ఉంచాలి. బయటికి తీసి చూస్తే గుడ్డు అసహ్యంగా ఉంది. నల్లటి పెంకు, దాని మీద నల్లటి మైనపు గడ్డలు, గరుకుగా, ఏది గీతో ఏది మరకో తెలియకుండా. పొద్దుటి నుంచి నాలుగు గంటల శ్రమ. పిల్ల దాన్ని అరచేతిలో పెట్టుకుని ఏమీ మాట్లాడలేదు.

బాబా కొవ్వొత్తిని ముందుకు జరిపింది. గుడ్డును మంట పక్కన పట్టుకుంది, పైన కాదు. పైన పట్టుకుంటే మసి అంటుతుంది, పెంకు చిట్లొచ్చు. ఒకచోట మైనం తడిగా మెరవగానే మెత్తని టిష్యూతో ఒక్క తుడుపు. ఆ గోరంత చోట తెల్లటి నక్షత్రపు కొన ఒకటి బయటపడింది. పక్కనే పసుపు. ఇంకొక తుడుపుకు నారింజ. టిష్యూ మడత మార్చి మళ్లీ మంట పక్కకు. బాబా రెండు తుడుపులు తుడిచి గుడ్డు పిల్లకు ఇచ్చేసింది. ఆ తర్వాత అరగంట పాటు ఆ వంటింట్లో మనవరాలి ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించలేదు. చిటికెడు చిటికెడుగా నలుపు మైనం పోతోంది, దాని కింద పొద్దున దాచిన తెలుపు, తర్వాత దాచిన పసుపు, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, దాచిన వరుసతో పని లేకుండా అన్నీ ఒకేసారి తేలుతున్నాయి. నలుపు వెనక్కి వెళ్లి నేలగా నిలబడింది. మైనం ఆఖరి పొర పెంకంతా పరుచుకోవడంతో రంగులకు మెరుపు కూడా వచ్చింది. నేను చాలా అద్దకాలు చూశాను. పని పూర్తయ్యే ఆఖరి నిమిషం దాకా చేసిన మనిషికే కనిపించకుండా ఉండి, ఒక్కసారిగా ఇంత ఇచ్చేది ఇంకొకటి చూడలేదు.

రెండు రోజుల తర్వాత మా అల్లుడు మమ్మల్ని వెగ్రెవిల్‌కు తీసుకెళ్లాడు. ఎడ్మంటన్‌కు తూర్పున దాదాపు 100 కిలోమీటర్లు. ఆ ఊళ్లో మూడంతస్తుల ఎత్తున్న అల్యూమినియం పిసంక నిలబడి ఉంది. 1975లో పెట్టారు. గుడ్డు ఆకారాన్ని లోహపు రేకులతో ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ లెక్క తెలియదు. ఉటా విశ్వవిద్యాలయంలో పనిచేసే రోనాల్డ్ రెష్ కంప్యూటర్ మీద ఆ లెక్క తేల్చాడు. నక్షత్రాకారపు పలకలు 524, ముక్కోణపు పలకలు 2,208. గాలి వీచినప్పుడు గాలి దిక్కును బట్టి తిరుగుతుంది. గొప్ప పనే, కాదనను. కానీ దాని కింద నిలబడి, సూదిమొన గరాటుతో అదే లెక్కను కంటిచూపుతో తేల్చిన చేతులే నాకు గుర్తొచ్చాయి. పశ్చిమ ఉక్రెయిన్‌లోని కొలొమియ పట్టణంలో పిసంకలకే ఒక మ్యూజియం ఉంది, 2000లో తెరిచారు, భవనం మధ్యభాగం గుడ్డు ఆకారంలోనే కట్టారు. అక్కడికి దగ్గర్లో కోస్మాచ్ అనే కొండ పల్లె వాళ్ల పిసంకలు పసుపు నారింజ మంటల్లా ఉంటాయి. వాటి గీతలు ఎంత సన్నవంటే ఫోటోలో పెద్దది చేసి చూస్తే తప్ప లెక్కకు అందవు. 2024 డిసెంబరులో యునెస్కో ఈ విద్యను ఉక్రెయిన్, ఎస్టోనియా దేశాల పేర మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నేను బయలుదేరే ముందు రోజు బాబా తన అద్దాల బీరువా తీసి, వాళ్లమ్మ రాసిన గుడ్డు ఒకటి నా చేతిలో పెట్టింది. దూదంత బరువు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపమంది. లోపల ఏదో చిన్నగా తగిలింది. సొన. పెంకు రంధ్రాల గుండా నీరంతా ఆరిపోయి, పచ్చసొన గోళీలా గట్టిపడి మిగిలింది. పగలకుండా, గాలి ఆడే చోట, ఎండ తగలకుండా ఉంచితే ఇలా అవుతుందట. బీట పడితే మాత్రం లోపలి వాసన ఇల్లంతా నిండుతుంది. అందుకే మనవరాలి గుడ్డుకు వార్నిష్ వేసి ఆరాక, కింద చిన్న రంధ్రం చేసి సొన తీసేసింది, విమానంలో తెచ్చుకోవాలి కదా అని. దూదిలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చాను. నక్షత్రం, రెండు పిల్లులు, చుట్టూ అంతం లేని గీత. ఆ గీత ఒకచోట కలవలేదు, వెంట్రుకవాసి పక్కకు పోయింది. నాకు అదే ఇష్టం.

కిస్త్క మనకు ఇక్కడ సులభంగా దొరకదు. అయినా పిల్లలతో మొదలుపెట్టడానికి అదేమీ అడ్డం కాదు. అయిదారేళ్ల వాళ్ల చేత ఉక్రెయిన్‌లో చేయించేది క్రాపంక, అంటే చుక్కల గుడ్డు. పెద్దవాళ్లు కొవ్వొత్తి పట్టుకుని గుడ్డు మీద మైనం చుక్కలు రాలుస్తారు, పిల్లలు రంగులో ముంచుతారు, మళ్లీ చుక్కలు, మళ్లీ ముంపు. అంతకంటే తేలిక ఉల్లిపొట్టు గుడ్డు. తెల్ల పెంకు గుడ్లు మన దగ్గర కావాల్సినన్ని దొరుకుతాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరుసలో ఉన్నది ఆంధ్రప్రదేశే. ఒక కొత్తిమీర రెమ్మను తడిపి గుడ్డుకు అతికించండి, పాత నైలాన్ మేజోడు ముక్కలో బిగించి ముడివేయండి, పది పన్నెండు ఉల్లిపాయల పొట్టు, ఒక చెంచా వెనిగర్ వేసిన నీళ్లలో పావుగంట ఉడకబెట్టి, పొయ్యి ఆపాక ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. ముడి విప్పి ఆకు తీసే పని పిల్లలకే వదలండి. ఎర్రమట్టి రంగు పెంకు మీద ఆకు ఈనెలతో సహా లేతరంగులో దిగి ఉంటుంది. అది తినే గుడ్డే, ఉప్పూ మిరియాలూ చల్లుకుని తినొచ్చు.

రేపు కూరకు ఉల్లిపాయలు ఒలిచినప్పుడు పొట్టు పారేయకండి.